హగరి ఇసుక చూసొచ్చిన దసరా

మా ఆయన పత్తి మిల్లులో పని మానుకున్న ఏడు నాకు నలభై తొమ్మిదేళ్లు. ఆదోని బళ్ళారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్త. మా ఇద్దరు ఆడపిల్లలకూ పెళ్లిళ్లయి, ఒకరు గుంతకల్లులో, ఒకరు బళ్ళారిలో కాపురాలు చేసుకుంటున్నారు. పెళ్లయి ఆదోనికి వచ్చిన నాటి నుంచి నేను చూసిన లోకమంటే మా వీధి, మార్కెట్టు, రైల్వే స్టేషను, కాన్పులకు వెళ్లొచ్చిన పుట్టిల్లు. అంతే.

మిల్లు వాకిట్లో పత్తి చూడడం ఆయన పని. రైతులు బండ్ల మీద తెచ్చిన మూటల్లో చేయి పెట్టి, గుప్పెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పింజ సాగదీసి, అది ఏ రకమో చెప్పేవారు. ఆయన మాట మీదే మిల్లువాళ్లు కొనేవాళ్లు. చేత్తో పట్టుకుంటే చాలు, ఏ ఊరి పత్తో చెప్పగలరని పేరు. అయితే ఆ ఊళ్లలో ఒక్కటైనా ఆయన కంటితో చూసింది లేదు.

పని మానుకున్నాక రెండు నెలలు ఆయనకు ఇంట్లో కాలు నిలవలేదు. వంటింట్లోకి వచ్చి కందిపప్పు గుప్పిట పట్టి చూసేవారు. ఒక రోజు దిండు కుట్టు విప్పి దూది బయటికి లాగి, "ఇది నీకు ఎవుడమ్మినాడే?" అని తగువు పెట్టుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. దసరాకు వారం ముందు నేనే కదిలించాను.

"ఏమండీ, ఇన్నేండ్లూ ఆ ఊర్ల బండ్లన్నీ మీ కాడికే వచ్చినాయి గదా. ఒక తూరి మనమే పోయి చూసొద్దామా?"

"ఏ ఊరికి?"

"ఏ ఊరైతే ఏమి? నేను ఏదీ చూడలేదు."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "దసరాకూ దీపావళికీ నడుమ పోదాం" అన్నారు కాసేపటికి. "ఎండ తగ్గింటాది."

అలా మొదలయ్యాయి మా తిరుగుళ్లు. మొదట ఎమ్మిగనూరు. బస్సు దిగేసరికి ఇద్దరి తలలూ దుమ్ముతో తెల్లబడ్డాయి. ఒకరినొకరం చూసుకుని బస్టాండులోనే నవ్వుకున్నాం. మగ్గాల చప్పుడుతో వీధి వీధంతా ఊగుతున్నట్టుంది. నేను చీర చూస్తుంటే ఆయన పక్కన ఆరేసిన నూలులోంచి ఒక పోగు తీసి సాగదీయడం మొదలుపెట్టారు. నేతాయన మగ్గం ఆపి, "అన్నా, అది నూలు. నీ మీసం కాదు లాగేకి" అన్నాడు. ఆయన పోగు వదిలేశారు. ఆ చీర నేను పదేళ్లు కట్టాను.

మూడో రోజు నందవరం పక్కకు వెళ్లాం. జొన్న చేని గట్టు మీద కూర్చుని పెరుగన్నం తింటుంటే, చేనాయన లేత కంకులు నిప్పుల మీద కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊది, దోసిట్లో పోశాడు. వేడి గింజలు పాలుగారుతూ తియ్యగా ఉన్నాయి. మా ఆయన తువ్వాలు పరుచుకుని ఆ గట్టు మీదే పడుకుని నిద్రపోయారు. పగటి పూట ఆయన నిద్రపోవడం చూడటం నాకదే మొదలు. లేపబుద్ధి కాక బస్సు వదులుకున్నాను.

ఆ తర్వాత వెళ్లింది హాలహర్వికి. అక్కడికి వెళ్దామన్నది ఆయనే. ఆ పక్క పత్తి అంటే ఆయనకు మొదటి నుంచీ పడదు. దులిపితే ఇసుక రాలేది. పని మానడానికి నాలుగేళ్ల ముందు, ఆ పక్క నుంచి ఒక రైతు బండి తోలుకుని వచ్చాడు. మూట విప్పితే గుప్పెడు ఇసుక రాలిందట. వాకిలి నిండా బండ్లు, మనుషులు. అందరి ముందరా, "బరువు కోసరం ఇసుక కలుపుతావా? దొంగనాయాలా!" అని అరిచి, బండిని అట్లే వెనక్కు తిప్పించారు. ఆ పూట భోజనం దగ్గర ఈ సంగతి నాకు గొప్పగా చెప్పారు. నేనూ "బాగా బుద్ధి చెప్పినారు" అన్నాను. ఇప్పుడు ఆ ఇసుక ఎక్కడిదో చూడాలని ఆయనకు పుట్టింది.

ఆలూరు మీదుగా బస్సులో వెళ్లి, హాలహర్విలో దిగి, హగరి ఏటి వైపు ఎద్దుల బండి మాట్లాడుకున్నాం. బండాయన పండుముసలి. "యాడికి పోవల్ల సామీ?" అన్నాడు.

"ఇసుక చూసేకి" అన్నారు మా ఆయన.

"ఇసుక సూసేకి ఎవురన్నా వస్తారా? మేం దాన్ని తప్పించుకునేకి సస్తాండాం" అని నవ్వుతూనే ఎద్దుల్ని అదిలించాడు.

రెండు మైళ్లు పోయాక నల్లరేగడి అయిపోయింది. ముందు తెల్లటి గుట్టలు కనిపించాయి. సున్నపు కుప్పలేమో అనుకున్నాను. దగ్గరికి పోతే అంతా ఇసుక. ఒకదాని వెనక ఒకటి దిబ్బలు, వాటి మీద గాలి గీసిన సన్నటి చారలు. తుమ్మ చెట్లు మెడల దాకా కూరుకుపోయి, తలకాయలు మాత్రం పైకి పెట్టుకుని ఉన్నాయి. ఎక్కడా నీడ లేదు, పిట్ట లేదు. బండి చక్రం దిగబడింది. మేం దిగి నడిచాం. అడుగు వేస్తే అరడుగు వెనక్కి జారేది.

దిబ్బ అంచున ఒక ఇల్లు. వెనక గోడ సగం దాకా ఇసుకలో ఉంది. ఒకావిడ, నా ఈడుదే, గడపలో ఇసుకను చేటతో గంపకెత్తుతోంది. మమ్మల్ని చూసి నడుము ఎత్తింది.

"రాండమ్మా, నీడకు రాండి. ఈ ఎండలో యాడికి పోతాండారు?"

బట్ట కట్టిన కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. అంతలో ఆమె మొగుడు చేను దిక్కు నుంచి వచ్చాడు. సన్నటి, పొడుగాటి మనిషి. మా ఆయన్ని చూసి ఒక్క క్షణం నిలబడిపోయాడు. తర్వాత లోపలికి పోయి నులక మంచం తెచ్చి వాల్చి, "కూర్చోండి సామీ" అన్నాడు.

వాకిట్లో చాప మీద కొర్రలు ఎండబోసి ఉన్నాయి. మేం మాటల్లో ఉండగానే పడమట మబ్బు పట్టింది. వానకు ముందుగా గాలి లేచింది. దిబ్బ నెత్తి మీది నుంచి పొగ లేచినట్టు ఇసుక లేచి, మా మీదికి వచ్చింది. చెంపల మీద సూదులు గుచ్చినట్టుంది. నలుగురమూ నాలుగు మూలలా చాప పట్టుకుని లోపలికి లాగాం. వాన మాత్రం నాలుగు చినుకులు రాల్చి ఉత్తరానికి పోయింది.

చూస్తే కొర్రల మీద పొర కట్టినట్టు ఇసుక. ఆమె జల్లెడ తెచ్చుకుని కూర్చుంది. మా ఆయన ఒక గుప్పెడు తీసుకుని వేళ్ల సందుల్లోంచి మెల్లగా వదిలారు. చాలాసేపు దాన్నే చూశారు.

"రోజూ ఇట్లనే పడుతాదా?"

"ఇదేం గాలి సామీ!" అంది ఆమె, జల్లెడ ఆపకుండా. "ఆసాడంలో రావల్ల మీరు. కూడు తినేకి గూడా తలుపు మూసుకోవల్ల. పత్తి ఏరి ఈడ పోస్తే, మూట కట్టేలోపల ఒక పొర పడింటాది. ఎంత దులిపినా పోదు. మా ఇంటాయన్ను ఒక తూరి ఆదోనిలో దొంగ అని తిప్పి పంపినారు. తినే గింజల్లో ఎవురన్నా ఇసుక కలుపుకుంటారా? నువ్వు సెప్పమ్మా."

"ఊరికుండు" అన్నాడు ఆమె మొగుడు, నేలకేసి చూస్తూ.

అతను అన్న తీరుకే, ఆ రైతు ఇతనేనని నాకు అర్థమైంది. మా ఆయనకూ అర్థమైంది. మంచం మీది నుంచి లేచి నిలబడ్డారు.

"ఆ మాట అనింది నేనే" అన్నారు.

"తెలుసు సామీ. నడిచొచ్చి ఈడ నిలబడినప్పుడే గుర్తు పట్టినా."

"మరి మంచం వేసినావే?"

"ఇంటికాడికి వచ్చినోళ్లకు మంచం ఎయ్యకుంటే ఎట్ల సామీ? అది ఏరే, ఇది ఏరే."

ఆమె జల్లెడ ఆపింది. మా ఇద్దరి వంకా చూసింది. అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నాకు అది నచ్చింది. "ఆ దినం ఎద్దులు గూడా మేపకుండా వచ్చినాడు. మూడు దినాలు మాట్లాడలేదు. మళ్లీ ఆదోని పేరెత్తలేదు" అని మాత్రం అంది.

"తప్పయిపోయిందప్పా" అన్నారు మా ఆయన. ఒక పల్లె రైతును ఆయన అప్పా అని పిలవడం నేనెప్పుడూ వినలేదు. "వచ్చే పంటకు ఆదోనికే రా. ఆడ నేనుంటా."

అతను ఔననలేదు, కాదనలేదు. మేం లేవబోతే ఆమె నా చేయి పట్టుకుంది. "ఊట చేసి పోండి." భోజనానికి కొర్రన్నం, శనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. ప్రతి ముద్దలోనూ పంటి కింద ఇసుక కరకరమంది. ఇద్దరమూ ఆకు ఖాళీ చేసి లేచాం.

తిరుగు బస్సులో ఆయన ఆలూరు దాటేదాకా కిటికీలోంచి చేలే చూశారు. తర్వాత, "ఆ పొద్దు ఆయప్ప పేరు గూడా అడగలేదే నేను" అన్నారు.

పత్తి కాలం వచ్చింది. ఆయన పొద్దున్నే తయారై మిల్లు ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చునేవారు. ఆయన స్థానంలో వచ్చిన కొత్త గుమాస్తా, తన పని కనిపెట్టడానికే వస్తున్నారని నొచ్చుకున్నాడట. ఇరవై రోజులు గడిచాయి. "రాడులే" అన్నాను.

ఆ మర్నాడే బండి వచ్చింది. నేను అక్కడ లేను. మిల్లులో తూకం వేసే మా వీధాయన వచ్చి చెప్పాడు. గుమాస్తా మూట విప్పగానే ఇసుక రాలింది. అతను మొహం చిట్లించేలోపల మా ఆయన బండి దగ్గరికి పోయి, నొగ పట్టుకుని నిలబడి, వాకిలంతా వినపడేట్టు అన్నారట.

"ఈ ఇసుక గాలిది. కండ్లారా చూసొచ్చినా. ఆ ఏడు ఈయప్పను దొంగ అని నేనంటి. అది తప్పు మాట. ఆ పొద్దు విన్నోళ్లు ఎవరన్నా ఈడుంటే, ఇది గూడా వినండి."

ఆ పొద్దు విన్నవాళ్లు అక్కడ ఎందరున్నారో తెలియదు. ఇద్దరు ముగ్గురు నవ్వారట. కొత్త గుమాస్తా, "పెద్దాయనా, ఎవురిదైనా ఇసుక ఇసుకే గదా" అని రెండో రకం కిందే ధర కట్టాడు. అయితే తిప్పి పంపలేదు.

మధ్యాహ్నం ఆ రైతును మా ఆయన ఇంటికి పిలుచుకుని వచ్చారు. పీట వేసి వడ్డించాను. తలెత్తకుండా తిన్నాడు. చేయి కడుక్కుంటూ, "మా ఇంట్లోదానికి చెప్తానమ్మా" అన్నాడు. ఏం చెప్తాడో నేనడగలేదు.

తర్వాత ఐదు దసరాలు హాలహర్వి వెళ్లాం. వేరే ఊళ్లూ తిరిగాం గానీ అక్కడికి పోకుండా ఏ ఏడూ గడవలేదు. ఆమె నన్ను అక్కా అనేది. నేను ఎమ్మిగనూరు చీర పట్టుకుపోతే, ఆమె ఎండుమిరపకాయలు మూట కట్టేది. మూడో ఏటికి ఇసుక ఆ ఇంటి కప్పు అందుకుంది. వాళ్లు దూలాలు, తలుపులు విప్పుకుని, తూర్పున మెరక మీద కొత్తగా గోడలు లేపుకున్నారు. పాత ఇంటి రాళ్లు తవ్వి తీసే రోజుల్లో మేం అక్కడే ఉన్నాం. మా ఆయన కూడా గంపెత్తారు. పత్తి తప్ప ఏదీ ముట్టని చేతులు, సాయంత్రానికి బొబ్బలెక్కాయి. ఆమె ఆముదం రాస్తుంటే మొగుళ్లిద్దరూ బీడీ కాలుస్తూ కూర్చున్నారు. ఆయన బీడీ కాల్చడం కూడా నాకు ఆ రోజే తెలిసింది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మోకాళ్లు అరిగి నేను ఇప్పుడు వీధి దాటను. కానీ కళ్లు మూసుకుంటే ఆఖరిసారి వెళ్లినప్పటి ఒక సాయంత్రం వస్తుంది. ఎండ పసుపు రంగుకు తిరిగింది. "అక్కా, పైకి పోదాం రా" అని ఆమె నన్ను అన్నిటికన్నా పెద్ద దిబ్బ ఎక్కించింది. చీరలు మోకాళ్ల దాకా ఎత్తి, చేతులు కూడా ఆనించి, పాకినట్టే ఎక్కాం. పై నుంచి హగరి కనిపించింది. అంత వెడల్పు ఏరులో తాడంత నీళ్లు. అవతలి ఒడ్డున గొర్రెల మంద ఇంటికి పోతోంది.

"దిగేదెట్ల?" అన్నాను భయంగా.

"పరిగెత్తుకుంటా!" అని ఆమె నా చేయి పట్టుకుని లాగింది. యాభై నాలుగేళ్ల దాన్ని, కొంగు ఎటు పోతోందో చూసుకోకుండా, గట్టిగా అరుస్తూ పరిగెత్తాను. కింద మంచం మీద కూర్చున్న మగవాళ్లిద్దరూ ఏమైందోనని లేచి నిలబడ్డారు.