మా గల్లీకి వచ్చిన మూత్ర పరీక్ష

సైకిల్ పందేల్లో నాకు పతకాలు కొన్ని వచ్చాయి. అమ్మ వాటిని బీరువాలో చీరల కింద పెట్టి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం తీస్తుంది. నన్ను అడిగితే అంతకన్నా పెద్ద గౌరవం ఇంకోటి జరిగింది. నేను బలం పెంచే మందేదో వాడి తొక్కుతున్నానని పరీక్షలు చేసేవాళ్లకు అనుమానం వచ్చి, ముందు ఒక్క మాట చెప్పకుండా, పొద్దున్నే మా గల్లీలో జీపు దిగి నా మూత్రం అడిగారు. అట్లా అనుమానించాలంటే మనిషి ఎంత వేగంగా తొక్కి ఉండాలో మీరే ఆలోచించండి. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, దాచుకోవడం దేనికి?

ఇది 2000ల చివరి సంగతి. మాది గద్వాల. ఇంట్లో నేత పని. నాయిన గుంటమగ్గం మీద చీర నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. బడిలో చదివేటప్పుడే క్రీడల హాస్టల్‌కు ఎంపికై సైకిల్ పట్టాను. డిగ్రీకి వచ్చేసరికి రాష్ట్ర జట్టులో ఉన్నాను. సెలవులకు ఇంటికొచ్చినా తొక్కడం మానేదాన్ని కాదు. మామూలు రోజుల్లో జూరాల డ్యామ్ దాకా పోయి వచ్చేదాన్ని. ఆదివారం అయితే ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి కొత్తకోట. అక్కడ ధాబా దగ్గర ఆగి ఛాయ్ తాగుతుంటే లారీ డ్రైవర్లు నా సన్నటి టైర్లను వేలితో నొక్కి చూసి, ‘గిది మనిషిని మోస్తదా’ అని అడిగేవాళ్లు. ఎదురుగాలి పెట్టే రోజుల్లో తిరుగు ప్రయాణం ప్రాణం తీసేది. ఆ గాలే నన్ను తయారు చేసింది. ఆ ఏడు జాతీయ పోటీల్లో గడియారంతో పందెం పెట్టి ఒంటరిగా తొక్కే విభాగంలో, అంతకు ముందటి ఏటి నా సమయాన్ని నేనే ఘోరంగా ఓడించాను. అందరూ నోరెళ్లబెట్టారు. జాతీయ జట్టు శిబిరానికి పిలుపు కూడా వచ్చింది.

పిలుపుతో పాటే ఒక నిబంధన. ప్రతిరోజూ ఏదో ఒక గంటసేపు నేను ఎక్కడ దొరుకుతానో ముందే తెలియజేయాలి. ఆ గంటలో పరీక్ష చేసేవాళ్లు ఎప్పుడైనా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. వచ్చినప్పుడు నేను లేకపోతే తప్పు నాదే. నేను పొద్దున ఆరు నుంచి ఏడు, గద్వాలలో మా ఇల్లు అని చెప్పాను. ఏడు దాటాక సైకిల్ తీయవచ్చు కదా అనుకున్నాను. ఆరు నుంచి ఏడు దాకా మా వాకిట్లో ఏం నడుస్తుందో మాత్రం నాకు గుర్తు రాలేదు.

మా వాకిలి మూడిళ్లకు ఉమ్మడి. మూలన మూడిళ్లకూ కలిపి ఒకటే లెట్రిన్. దాని రేకు తలుపు పూర్తిగా పడదు, లోపల గోనెపట్టా తెర కట్టుకున్నాం. పొద్దున ఆరైతే చాలు, చెంబులు పట్టుకొని వరస మొదలు. గల్లీలో ఎవరింట ఏం జరిగిందో ఆ వరసలోనే తెలిసిపోయేది. పేపరు మాకు అవసరం ఉండేది కాదు.

పరీక్ష చేసేవాళ్లు ఒక పొద్దున ఆ వరస మధ్యలోకే వచ్చారు. హైదరాబాద్ నుంచి ఒక మేడమ్, ఆమెతో పాటు ఒక సారు. సారు జీపు దగ్గరే నిలబడ్డాడు. మేడమ్ గుర్తింపు కార్డు చూపించి, నా పేరు అడిగి, నేనేనని తేలాక మెల్లగా విషయం చెప్పింది. ఆ క్షణం నుంచి మూత్రం ఇచ్చేదాకా నేను ఆమె కంటి ముందే ఉండాలి. ఇచ్చేటప్పుడు కూడా ఆమె పక్కనే నిలబడి కళ్లారా చూడాలి. వేరేవాళ్లది తెచ్చి ఇస్తారేమోనని ఆ జాగ్రత్త. నాకు భయమేమీ వేయలేదు. లోపల ఉన్నది జొన్నరొట్టె, పప్పు, అమ్మ చేసిన పల్లీల చట్నీ. ఎన్నిసార్లు పరీక్షిస్తారో పరీక్షించుకోండి అనుకున్నాను. చిక్కల్లా ఒకటే. వరస తప్పించుకోవాలని నేను ఐదింటికే లేచి పని కానిచ్చుకున్నాను. ఇప్పుడు చుక్క రాదు.

అమ్మ ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది. మేడమ్ అడ్డుపడింది. మూత తీసిన పాత్రలో నీళ్లు ఆమె తాగకూడదమ్మా, ఇవి తాగాలి అని తన సంచిలోంచి సీలు వేసిన సీసా తీసింది. అమ్మ ముఖం మాడిపోయింది.

‘మా ఇంట్ల నీళ్లు మా బిడ్డ తాగొద్దా? నేనేమన్న ఇసం కలుపుతనా?’

‘మీ మీద అనుమానం కాదమ్మా. రేపు ఏదైనా తేడా వస్తే, నీళ్లలో ఎవరో కలిపారని ఆమె అనకూడదు, మేమూ అనకూడదు. అందుకే.’

అమ్మకు అర్థం కాలేదు. అర్థం కాకపోగా పెద్ద అవమానం అయింది. నేను సీసాలు ఖాళీ చేస్తూ కూర్చున్నాను. మేడమ్ నా ఎదురుగా కూర్చుంది. వాకిట్లో పోయేవాళ్లు తొంగి చూసి పోతున్నారు. నాయిన ఆ రోజు చీర అప్పజెప్పడానికి షావుకారు దగ్గరికి పోయాడు, లేడు. చివరికి ఎట్లాగో వస్తుందనిపించింది. వరసను ఆపి, నేనూ మేడమూ ఆ గోనెపట్టా వెనక్కి ఇద్దరం కలిసి పోయాం. ఇద్దరం కలిసి బయటికి వచ్చాం. నా చేతిలో కప్పు.

పక్కింటి పెద్దమ్మ వరసలో ముందు నిలబడి ఉంది. కప్పు చూసింది, మేడమ్‌ను చూసింది, జీపు చూసింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, చెంబు అక్కడే పెట్టి ఇంట్లోకి పోయింది. ఆమె ఏమనుకుందో నాకు వెంటనే తెలిసింది. మా గల్లీలో ఆడపిల్ల మూత్రం పరీక్ష చేయడానికి ఒకటే కారణం. నర్సమ్మ వచ్చి నెల తప్పిందా లేదా అని చూస్తుంది, అంతే. నాకేమో ఇంకా పెళ్లి కాలేదు.

మధ్యాహ్నానికి గల్లీ అంతా చెవులు కొరుక్కుంది. సాయంత్రానికి నూలు రంగులేసే వాళ్ల దాకా పోయింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చింది. ఏడుస్తూనే, నిజంగా ఏం లేదు కదనే అని నన్నే అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏముంటదే, పొద్దుగూకులు సైకిల్ మీదుంటే ఏముంటది అని అరిచాను. అమ్మ ఇంకా ఏడ్చింది. నాయిన రాత్రి అన్నం తిన్నాక నాతో మాట్లాడాడు. ఆయన కోపమొస్తే అరవడు, గొంతు ఇంకా తగ్గిస్తాడు.

‘గంత దూరం నుంచి నీ ఉచ్చ కోసం వచ్చిండ్రంటే ఎవరు నమ్ముతరు బిడ్డా?’

‘మందులు తిని తొక్కుతున్ననా అని చూస్తరు నాయినా. బాగ తొక్కెటోళ్లకే చేస్తరు.’

‘సరే. నీకేం లేదని కాగితం తెప్పియ్. గల్లీల నలుగురికి చూపెడ్త. గప్పటిదాంక సైకిల్ బంద్. శిబిరం బంద్.’

మర్నాడు ఎస్టీడీ బూత్‌కు పోయి మా కోచ్‌కు ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. ‘కాగితమా? దొరికినోళ్లకు వస్తది కాగితం. నీకు ఏమీ రాకపోతే నువ్వు మంచిగున్నట్టు. శిబిరానికి టైముకు రా, రాకుంటే నీ జాగల ఇంకొకరిని తీసుకుంటరు’ అని పెట్టేశాడు. తప్పు చేసినవాడికి రుజువు ఉంటుందట, చేయని నాకు ఉండదట. ఈ ముక్క నాయినకు ఎట్లా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టే చెప్పాను. ఆయన లేచి పోయి, నా సైకిల్‌ను మగ్గం గుంజకు గొలుసు వేసి, తాళంచెవి రొండిన దోపుకున్నాడు.

ఆ రోజులు నేను జన్మలో మరిచిపోను. శిబిరం దగ్గర పడుతోంది. కాళ్లు ఊరుకోవు. చేసేదేమీ లేక ఊళ్లోని గద్వాల కోట దాకా పరిగెత్తి వచ్చేదాన్ని. పొద్దున వరసలో నేను నిలబడితే మాటలు ఆగిపోయేవి. ఒకామె నా నడుము వైపు చూసి చూపు తిప్పుకుంది. బాగా చూడు అత్తా, ఏమన్న పెరిగిందా అని అడిగేశాను. ఆమె చెంబు వదిలి ఇంట్లోకి పరుగు. అయినా మనసులో మాత్రం చాలా దుఃఖంగా ఉండేది. నేను కష్టపడి తెచ్చుకున్న వేగం నన్నే ముంచిందని అనిపించేది.

శిబిరానికి బండి ఎక్కాల్సిన దానికి ముందు రోజు పొద్దున, ఆరు దాటాక, మళ్లీ జీపు. అదే మేడమ్. ఒకసారి చేశాక మళ్లీ అంత తొందరగా రారని మనం అనుకుంటామని వాళ్లకు తెలుసు, అందుకే వస్తారు. నాయిన ఆ పొద్దున మగ్గం మీదే ఉన్నాడు. పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె చేతిలో పట్టుకొనే లేచి వచ్చాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరసలో ఉన్నవాళ్లంతా మా గుమ్మం వైపే తిరిగారు.

నేనైతే ఆ రోజు లేటుగా లేచాను, ఒంట్లో కావలసినంత ఉంది. మేడమ్‌తో పోయి వచ్చి కప్పు బల్ల మీద పెట్టాను. నాయిన పక్కన నిలబడి అంతా చూశాడు. సీలు పెట్టెలు కొన్ని ముందు పెట్టి నన్నే ఒకటి ఎంచుకోమంది మేడమ్. కప్పులోది రెండు గాజు సీసాల్లోకి నేనే పోసి, మూతలు నేనే బిగించాను. ఆమె వేలు కూడా పెట్టలేదు.

‘రెండెందుకమ్మా?’ అని నాయిన అడిగాడు.

‘ఒకటి ఢిల్లీలో పరీక్షకు. రెండోది తెరవకుండా ఉంచుతారు. మొదటి దాంట్లో తప్పు వచ్చి, ఈమె ఒప్పుకోకపోతే, ఈమె ముందే రెండోది తెరుస్తారు.’

‘ఎవ్వరిమీద వడ్తె వాళ్ల మీదికి వస్తరా గిట్ల?’

‘ఒక్కసారిగా బాగా మెరుగైన వాళ్ల మీద ఎక్కువ కన్ను పెడతాం. ఇంతకన్నా నేను చెప్పకూడదు.’

నాయిన నాడె వైపు చూసుకున్నాడు. మేడమ్‌తో కాదు, నాతో అన్నాడు. ‘పోయినేడు నేను నేసిన చీర చూసి, గింత సాపుగ చేతితోని రాదు, పవర్‌లూమ్ మీద నేసి తెచ్చినవన్నడు షావుకారు. యాదికున్నదా?’

గుర్తుంది. ఆ రోజు నాయిన షావుకారును చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చి, మగ్గం పక్కన పీట వేసి కూర్చోబెట్టి, కళ్ల ముందు నేసి చూపించాడు. నూలు చీరకు పట్టు కొంగు అతుకు వేసి పూర్తయ్యేదాకా లేవనివ్వలేదు. షావుకారు ఛాయ్ కూడా తాగకుండా పోయాడు. అప్పటి నుంచి మా నాయిన చీర మీద మాట పడలేదు.

‘నేను కూసుండవెట్టి చూపించిన’ అన్నాడు నాయిన. ‘వీళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చి చూస్తుండ్రు.’

మేడమ్ సంతకాలు చేయించుకుంది. అమ్మ ఈసారి ఛాయ్ ఇస్తే తాగి, బాగుందమ్మా అని చెప్పి జీపెక్కింది. జీపు గల్లీ మలుపు తిరిగింది. వరసలో ఎవరూ కదలలేదు. నాయిన వాకిట్లోకి వచ్చాడు. ఆయన వాకిట్లో నిలబడి గొంతెత్తడం నేను అంతకు ముందు చూడలేదు.

‘వినుండ్రి అందరు. మా బిడ్డ సైకిల్ మందు తిని తొక్కుతున్నదని ఢిల్లీల అనుమానం వడ్డరు. మనిషి గంత జోరుగ తొక్కుడు అయితదా అని చూస్తందుకు వచ్చిండ్రు. మల్ల వస్తరు. ఎన్నిసార్లన్న వస్తరు. వచ్చిన పొద్దు ఈ లెట్రిన్ ముంగట ఎవ్వరు నిలవడొద్దు. ముందుగాల మా బిడ్డ పోవాలె, తర్వాతనే ఎవరైనా.’

‘ఢిల్లీ దాంక పోతదా గా సీస?’ అని పక్కింటి పెద్దమ్మ అడిగింది.

‘పోతది’ అన్నాడు నాయిన.

‘నేను గద్వాల దాటి కర్నూలు కూడా చూడకపోతి’ అంది పెద్దమ్మ. వరసలో ఎవరో నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే.

నాయిన లోపలికి వచ్చి రొండిన ఉన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే బాగుండదని సైకిల్ గొలుసు తీస్తూ కూర్చున్నాను.

‘రేపటిదాంక ఆగుడెందుకు, ఇప్పుడే జూరాల దాంక పోయిరా’ అన్నాడు నాయిన మగ్గంలో కాళ్లు దింపుకుంటూ. ‘గాళ్లకు ఇంకింత అనుమానం రావాలె.’