పెద్ద కేసులో బెయిలు

టైలరమ్మది ఒకటే పద్ధతి. కష్టమైన పని ముందు, సులువైనది తర్వాత. కోటు పూర్తయ్యేదాకా చొక్కా గుండీ కూడా ముట్టుకోదు. తొందరపెడితే కస్సుమంటుంది. ఆ పద్ధతితోనే వీధిలో పేరు తెచ్చుకుంది, ఆ పద్ధతితోనే మొగుడి కేసులూ చక్కబెట్టబోయింది. అక్కడే కొంప మునిగింది.

మొగుడు వ్యాను డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. ఒక వానరోజు వ్యాను జారి సైకిలు మీద పోతున్న పెద్దాయన ప్రాణం పోయింది. స్టేషన్‌కి తీసుకెళ్తుంటే కంగారులో పోలీసు చెయ్యి విదిలించాడట, దానికి ఇంకో కేసు. రెండింటికీ కలిపి లోపల వేశారు. టైలరమ్మ కాలుకాలిన పిల్లిలా తిరిగి, జామీను కోసం తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడి, రెండు వారాల్లో ప్రమాదం కేసులో బెయిలు తెచ్చింది. చిన్న కేసుదేముంది, తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. ఆ చిన్నదాంట్లో అడిగితే వాయిదా, మళ్లీ అడిగితే మెజిస్ట్రేటు బదిలీ. ఎనిమిది నెలలు నానబెట్టి, చివరికి కేసే కొట్టేశారు. అప్పుడు గానీ ఆయన ఇంటి మొహం చూడలేదు.

ఇన్నేళ్లకి, ఇవాళ, ప్రమాదం కేసులో తీర్పు చెప్పారు. ఆరు నెలల జైలు.

టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది. ఎనిమిది నెలలు ఉండి వచ్చినవాడికి ఆరు నెలలొక లెక్కా? లోపల గడిపిన కాలం శిక్షలో పోతుందని లాయరు ముందే చెప్పాడు. పక్కనున్న ఆడబిడ్డ ఆమె చెయ్యి నొక్కి, "ఇంక బెంగెందుకు వదినా, అన్నయ్యని తీసుకునే పోదాం" అంది.

అంతలో ప్రభుత్వ లాయరు లేచాడు.

"అయ్యా, ఈ కేసులో ముద్దాయి జైల్లో ఉన్నది రెండు వారాలే. తర్వాత బెయిలు వచ్చింది. మిగతా కాలమంతా వేరే కేసులో ఉన్నాడు."

"ఏ కేసైతే ఏంటండీ, ఉన్నది జైల్లోనే కదా!" టైలరమ్మ గట్టిగానే అనేసింది. బంట్రోతు గుడ్లురిమాడు.

జడ్జిగారు కోప్పడలేదు. కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. బోనులో మొగుడు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఈ కేసులో బెయిలు తీసుకోకుండా ఉంటే మొత్తం కాలం కలిసొచ్చేదమ్మా," అన్నారాయన చివరికి. "ఇప్పుడు ఆ రెండు వారాలే తగ్గించగలను."

ఉన్నది ఒక్క మనిషి, పడుకున్నది ఒక్క గది. ఆ మనిషి అదే గదిలో ఉంటూనే ఒక కేసుకి లోపలా, ఇంకో కేసుకి బయటా ఉన్నాడట! ఇదెక్కడి చోద్యమో చట్టం రాసినవాళ్లే చెప్పాలి. టైలరమ్మకి మాత్రం ఒక్కటే వినిపించింది, తను తెచ్చిన బెయిలే ఆయన్ని మళ్లీ లోపలికి పంపుతోందని.

కానిస్టేబులు తీసుకెళ్తుంటే వరండాలో అడ్డం పడి మొగుడి చొక్కా పట్టుకుంది.

"నా వల్లేనండీ. నేనే ముంచాను మిమ్మల్ని. చేతులు ముడుచుకుని కూర్చున్నా ఇవాళ ఇంటికొచ్చేవారు."

"ఊరుకోవే. ఆ బెయిలు వచ్చిన రోజు లోపల ఒక్కొక్కడినీ పిలిచి చెప్పాను, మా ఆవిడ పెద్ద కేసులోంచి నన్ను బయటపడేసిందని. ఆ ఎనిమిది నెలలూ ఆ మాట చెప్పుకునే బతికాను."

"మరి ఇప్పుడేం చెప్పుకుంటారు?"

కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన నడుస్తూనే వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడూ అదే చెప్తాను."