జెబెల్ అలీలో రాహుకాలం

మన ప్రభుత్వమూ దుబాయ్ కంపెనీలూ కలిసి అక్కడి జెబెల్ అలీలో సోలార్ ప్యానెళ్ల శిక్షణ నడిపినప్పుడు నేను తెలుగులో పాఠం చెప్పేవాణ్ణి. చివరి పరీక్ష శుక్రవారం పడింది. జగిత్యాల నుంచి వచ్చి, కాంక్రీటుకు చెక్కలు బిగించే షట్టరింగ్ కార్మికుడు ఒకడు, తన వంతు వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. వంతు తప్పితే మళ్లీ షట్టరింగ్ పనే.

"రాహుకాలం నడుస్తుంది సార్, జర ఆగుండ్రి."

"అది ఇండియా క్యాలెండరయ్యా. ఇక్కడ పదిన్నర దాటితే అక్కడ పన్నెండు దాటింది, నీ రాహువు ఎప్పుడో వెళ్లిపోయాడు."

"అక్కడ డ్యూటీ దిగి ఇక్కడికొచ్చిండు సార్, మన లెక్కనే."

మూఢనమ్మకాల మీద వేదికలెక్కి వాదించేవాణ్ణి, మళ్లీ మొదటి నుంచి టైము లెక్క చెప్పబోయాను. పరీక్ష పెట్టే ముదీర్, అంటే అక్కడి మేనేజరు, తలుపు తీసి, "యల్లా, తొందరగా! రాకపోతే ఖలాస్" అన్నాడు. కార్మికుడు లోపలికి పరుగెత్తాడు, వైర్లు సరిగ్గా కలిపాడు, పాసయ్యాడు.

నా తర్కం అతణ్ణి అంగుళం కదల్చలేదు. షట్టరింగ్ భయమే కదిలించింది. ఏదైతేనేం, ఆ రోజు రాహుకాలం ఓడింది.