శోభనాద్రి గారి ఉప్పెన

మొవ్వ చుట్టుపక్కల ఎవరైనా పోతే మొదటి ఫోను బంధువులకి, రెండోది పురోహితుడికి, మూడోది శోభనాద్రి గారికి. కొంతమంది తొందరపాటు మనుషులైతే, ముసలాయన ఇంకా ఆక్సిజన్ మీద ఉండగానే ఫోన్ చేసి "బాబాయ్, వచ్చే ఆదివారం కాక పై ఆదివారం ఖాళీయేనా?" అని అడిగేస్తారు. పెద్దకర్మ రోజు షామియానా, ఫ్లెక్సీ, భోజనాలు ఎంత ఘనంగా ఉన్నా, శోభనాద్రి గారు మైకు పట్టుకోకపోతే ఆ చావుకి నిండుతనం రాదు. ఆయన మాట్లాడితే ఇరవై ఏళ్లు గట్టు తగాదాలో కోర్టుకి తిరిగిన దాయాదులు కూడా తువ్వాలు తడుపుకుంటారు. ఓసారి పెదముత్తేవి దగ్గర, షామియానా వేసే కుర్రాళ్లు గుంజలు కావలించుకుని ఏడ్చారనీ, ఆ ఊపుకి షామియానా సగం కూలిందనీ చెప్పుకుంటారు. కూలింది మాత్రం నిజం. గాలికి కూలిందంటారు గిట్టనివాళ్లు.

అలాంటి శోభనాద్రి గారికి, సొంత స్నేహితుడు వీరాంజనేయులు పోయాడు. రైసుమిల్లు వీరాంజనేయులు. ఒకే బడి, ఒకే బెంచీ, ఒకే బెత్తం దెబ్బలు. ఆదివారం పెద్దకర్మ. వీరాంజనేయులు భార్య సీతమ్మ కబురు పంపింది: "అన్నయ్య గారే మాట్లాడాలి. ఊరందరికీ మాట్లాడారు, మా ఆయనకి అంతకంటే ఎక్కువే మాట్లాడాలి."

అంతకంటే ఎక్కువ. ఆ మాట శోభనాద్రి గారి గొంతులో చేపముల్లులా దిగింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. దానికి తోడు గుడివాడ నుంచి కోటేశ్వరరావు మాస్టారు కూడా వస్తున్నాడని తెలిసింది. రిటైరైన హెడ్మాస్టరు. పోయినవాళ్ల మీద పద్యాలు కట్టి రాగం తీసి చదువుతాడు. రెండేళ్లుగా శోభనాద్రి గారి మైకు మీద కన్నేశాడని ఈయన అనుమానం.

ఇలాంటి సమయంలో ఇంట్లో మనవరాలు పూర్ణిమ తేడాగా తిరగడం మొదలెట్టింది.

పూర్ణిమ కొడుకు కూతురు. రోజూ బస్సెక్కి బందరు వెళ్లి డిగ్రీ చదువుతుంది. మామూలుగా ఆ పిల్ల గదిలోంచి సినిమా పాటలు వస్తాయి. ఆ సాయంత్రం గది తలుపు అవతల నుంచి శోభనాద్రి గారికి తన గొంతే వినపడింది.

"నేను మాట్లాడలేను... మాట్లాడలేను..."

తాను ఇక్కడున్నాడు, గొంతు అక్కడుంది. కాసేపాగి మళ్లీ అదే. "నేను మాట్లాడలేను..." ఎవరిదో పెద్దకర్మ వీడియో, ఫోనులో వెనక్కి తిప్పి మళ్లీ అదే. అది ఆయన పేటెంటు మాట. మైకు తీసుకుంటాడు, ఓ నిమిషం ఊరుకుంటాడు, కళ్లజోడు తీసి తుడుస్తాడు, "నేను మాట్లాడలేను" అంటాడు. అని ముప్పావుగంట మాట్లాడతాడు.

వంటింట్లోకి వెళ్లి భార్య సరళ దగ్గర గొంతు తగ్గించి అన్నాడు. "నీ మనవరాలు నా ఉపన్యాసాలు దొంగతనంగా వింటోందే."

"దొంగతనంగా ఎందుకూ? ఊళ్లో ఉన్నవాళ్లం బలవంతంగా వినట్లేదా?"

"నువ్వు నవ్వు. గుడివాడ మాస్టారి మనవడు కూడా ఆ కాలేజీలోనే చదువుతున్నాడు. నా సరుకంతా ఎత్తి వాడికి పంపుతోందేమో."

"మీ సరుకు పదేళ్లుగా మారలేదు. కావాలంటే మీ కోటేశ్వరరావుకి నేనే అప్పజెప్తా, కూర తరుగుతూ."

మర్నాడు ఇంకో గొడవ. పూర్ణిమ కాఫీ ఇస్తూ, "తాతయ్యా, నీది మంచి ఫోటో ఒకటి కావాలి. నవ్వుతూ ఉన్నది. కొంచెం పెద్ద సైజు," అంది.

శోభనాద్రి గారు గ్లాసు కింద పెట్టేశాడు. నవ్వుతున్న ఫోటో, పెద్ద సైజు ఎప్పుడు అడుగుతారో ఈ డెల్టాలో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఎన్ని ఫ్లెక్సీల ముందు నిలబడ్డాడో! పోయిన నెల అవనిగడ్డలో చేయించిన రక్తపరీక్ష గుర్తొచ్చింది. కొడుకు ఆ కాగితం చూసి "ఏం లేదు నాన్నా" అన్నాడు. ఆ అనడంలో ఏదో ఉంది. అమ్మో, గొంతు రికార్డు చేస్తున్నారు, ఫోటో అడుగుతున్నారు. వీరాంజనేయులు తర్వాత వరుస తనదేనన్నమాట!

మధ్యాహ్నం దాకా మంచమ్మీద పడుకుని తన పెద్దకర్మకి ఎవరు మాట్లాడతారా అని ఆలోచించాడు. కోటేశ్వరరావు రాగం తీస్తున్నట్టు కల వచ్చింది. దిగ్గున లేచి నేరుగా పూర్ణిమ గదికి వెళ్లాడు.

"నిజం చెప్పు. నాకేమైంది?"

"నీకేమైంది తాతయ్యా?"

"ఫోటో ఎందుకు మరి? నా మాటలు ఎందుకు వింటున్నావు?"

పూర్ణిమకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచమ్మీద పొర్లి పొర్లి నవ్వింది. "అయ్యో తాతయ్యా! కాలేజీలో పేపరు రాయాలి. ఎవరిదైనా ఉపన్యాసం తీసుకుని, అది వినేవాళ్ల మీద ఎలా పనిచేస్తుందో రాయమన్నారు ఇంగ్లీషు మేడం. అందరూ పెద్ద పెద్ద నాయకుల్ని తీసుకున్నారు. నేను నిన్ను తీసుకున్నా. ఫోటో అట్ట మీదకి."

శోభనాద్రి గారికి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఛాతీ కూడా విరుచుకుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఊఁ, ఏం రాశావో చదువు."

"వద్దులే తాతయ్యా."

వద్దంటే మళ్లీ అనుమానం. "చదవమంటున్నానా?"

పూర్ణిమ కాగితం తీయలేదు. నోటితోనే చెప్పింది, భయం భయంగా. "నువ్వు పోయినవాళ్ల గురించి మాట్లాడవు తాతయ్యా. ముందు వరసలో ఎవరు కూర్చున్నారో చూసి మాట్లాడతావు. ఆడవాళ్లు ఎక్కువుంటే తల్లి సంగతి. రైతులుంటే కాలవ నీళ్లు. ఎవరున్నా చివర్లో డెబ్బై ఏడు ఉప్పెన."

"ఉప్పెన ఉంటే తప్పేంటి?"

"అందరూ ఉప్పెనలో మనుషుల్ని కాపాడారు. బ్యాంకు మేనేజరు గారు కాపాడారు. కిళ్లీకొట్టాయన కాపాడాడు. పోయినేడు పోయిన మల్లేశ్వరరావు గారు కూడా నిన్ను నడుముకి కట్టుకుని తాటిచెట్టెక్కారు. తాతయ్యా, డెబ్బై ఏడులో మల్లేశ్వరరావు గారికి రెండేళ్లు."

శోభనాద్రి గారి మొహం ఎండిన బొమ్మిడాయి చేపలా అయిపోయింది. దివిసీమలో ఉప్పెన అంటే చాలు, ఏ వయసు వాళ్లకైనా వెన్ను నిటారుగా అవుతుంది. లెక్కలు ఎవరు కడతారు? ఇన్నేళ్లలో ఒక్కడూ కట్టలేదు. కట్టినవాళ్లున్నా ఏడుస్తూనే కట్టి ఉంటారు.

"అయితే నీ తాత అబద్ధాలకోరని రాశావన్నమాట."

"మొదట అలాగే రాశా. మేడం మొత్తం కొట్టేశారు. 'తీర్పు చెప్పావు, ఎలా పనిచేసిందో చెప్పలేదు, మళ్లీ విను' అన్నారు. మళ్లీ విన్నా. అప్పుడు ఒకటి దొరికింది." పూర్ణిమ ముందుకి వంగింది. "నీ ఉప్పెన కథలో అన్నీ మారతాయి. ఒకసారి తాటిచెట్టు, ఒకసారి బడి డాబా. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ మారదు. 'గట్టిగా పట్టుకోరా వెధవా, మీ అమ్మకి నేనేం చెప్పుకోను.' బ్యాంకు మేనేజరూ అదే అన్నాడు, కిళ్లీకొట్టాయనా అదే అన్నాడు. ఆ మాట దగ్గర నీ గొంతు తగ్గిపోతుంది. ముందు వరస వైపు చూడవు. మిగతాదంతా జనం కోసం చెప్తున్నావు, అదొక్కటీ కాదు. ఆ మాట ఎవరు అన్నారు తాతయ్యా?"

శోభనాద్రి గారు లేచి పెరట్లోకి వెళ్లి, కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి, ఆకులన్నీ పీకి కింద పోశాడు.

ఆ మాట అన్నది వీరాంజనేయులు. నాగాయలంక అవతల వాళ్ల అక్కగారి ఊరికి కోతలకి ఇద్దరూ వెళ్లిన ఏడాది, సముద్రం ఇంటికొచ్చిన రాత్రి, చేంతాడుతో శోభనాద్రిని తన నడుముకి కట్టుకుని తాటిచెట్టెక్కింది వాడే. ఆ కథని మొదటిసారి ఎవరి పెద్దకర్మలోనో శోభనాద్రి గారు నోరు జారి, పోయినవాడికి అంటించాడు. జనం ఏడుపు కట్టలు తెంచుకుంది. ఆ తర్వాత వీరాంజనేయులు బతికుండగానే ఆ కథని ఊరందరికీ పంచేశాడు. వాడు మూడో వరసలో కూర్చుని, తన కథ కిళ్లీకొట్టాయన పేరుమీద విని, లేచి పప్పూ అప్పడం తిని వెళ్లిపోయేవాడు. ఒక్కసారీ ఏమీ అనలేదు. ఇప్పుడు అసలు సొంతదారుడి పేరున చెప్పాలంటే, అరిగిపోయిన కథ. ఎవడు నమ్ముతాడు? 'అంతకంటే ఎక్కువ' ఎక్కణ్ణుంచి తేవాలి?

ఆ రోజు నుంచి ఆయనకి తన నోటి మీదే నమ్మకం పోయింది. ఏం మాట్లాడినా, దీని వెనక ఏం ఎత్తుందా అని ఆగి చూసుకునేవాడు. అన్నం ముందు కూర్చుని ఊరుకుని, కళ్లజోడు తీసి తుడిస్తే సరళ అరిచింది: "ఏవండీ, గోంగూర పచ్చడి అడగడానికి కూడా ఇంత సంతాపం ఎందుకండీ?"

ఆదివారం వచ్చింది. మిల్లు ఆవరణలో షామియానా. ఫ్లెక్సీలో వీరాంజనేయులు, ఎప్పుడూ వేసుకోని కోటు వేసుకుని నవ్వుతున్నాడు. కంప్యూటరువాళ్లు తొడిగిన కోటు. కోటేశ్వరరావు మాస్టారు పద్యాలు చదివాడు. అవి చూరు మీంచి వాన నీళ్లలా జనం మీంచి కారిపోయాయి. తర్వాత మైకు శోభనాద్రి గారి చేతికొచ్చింది.

ఊరుకున్నాడు. చెయ్యి దానంతటదే కళ్లజోడు మీదకెళ్లింది. చివరి వరసలో పూర్ణిమ కనపడింది. చెయ్యి దించేశాడు.

"ఉప్పెన రోజున..." అన్నాడు.

వెనక ఎవరో "ఎక్కేశాడ్రా తాటిచెట్టు" అన్నారు. ముసిముసి నవ్వులు. ఇద్దరు అప్పుడే లేచి భోజనాల వైపు చూస్తున్నారు.

"నవ్వండి. మీరంతా ఈ కథ విన్నారు. నేనే చెప్పా, కనపడ్డ ప్రతివాడికీ అంటించా. అది ఇదిగో, వీడిది. వీరాంజనేయులుది. మిగతావాళ్లెవరూ నన్ను చెట్టెక్కించలేదు. వీడే ఎక్కించాడు."

షామియానా కింద తేనెపట్టు మీద రాయేసినట్టు లేచింది గోల. కిళ్లీకొట్టాయన తమ్ముడు లేచి, "మా అన్న ఎక్కించలేదా అయితే?" అన్నాడు. "ఇది కూడా కొత్త ఎత్తేమో, బరువు కోసం," అని కోటేశ్వరరావు మాస్టారు పక్కవాడితో, మైకు లేకుండానే అందరికీ వినపడేట్టు అన్నాడు.

సీతమ్మ ముందు వరసలోంచి లేచి నిలబడింది. ఏడవట్లేదు. కళ్లు చిన్నవి చేసి చూస్తోంది, సంతలో కందిపప్పు చూసినట్టు.

"అన్నయ్య గారూ, నలభై అయిదేళ్లు కాపురం చేశా. ఆయన నాతో ఒక్కసారైనా చెప్పలేదు. నిజంగా ఆయనదేనా, లేకపోతే అందరికీ అతికించినట్టు ఈయనకీ అతికించారా?"

శోభనాద్రి గారు నోరు తెరిచాడు. తల్లి తోడు అనొచ్చు. గొంతు వణికించొచ్చు. అన్నీ ఆయన చేతిలో పనిముట్లే, ఒక్కటీ పనికిరాదని ఇప్పుడు తెలుసు. ఏం చెప్పినా, మాట ఎంత మెరిస్తే అంత అబద్ధంలా వినిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఏ పెద్దకర్మలోనూ పనికిరాదని వదిలేసిన ముక్క ఒకటి గుర్తొచ్చింది.

"చెల్లెమ్మా, వాడు ముందు నన్ను ఎక్కించలేదు. మేకని ఎక్కించాడు."

"ఏంటీ?"

"వాళ్ల అక్కగారి మేక. కడుపుతో ఉన్నది. నేను మెడ దాకా నీళ్లలో ఉండి అరుస్తుంటే, 'ఉండరా, నీకు ఈతొచ్చు, దానికి రాదు' అని దాన్ని భుజానేసుకుని ఎక్కాడు. దాన్ని మట్టల్లో ఇరికించి, అప్పుడొచ్చాడు నా కోసం. నాకు ఈత రాదు. వస్తుందని చిన్నప్పుడు వాడికి గొప్పలు చెప్పా."

సీతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి. ఏడుస్తోందనుకున్నారు అందరూ. నవ్వుతోంది.

"ఆయనే. ఆయనే అన్నయ్యా. మా పెళ్లి రోజున కూడా, ముహూర్తం దాటిపోతుంటే, గేదె ఈనుతోందని పశువుల కొట్టంలో కూర్చున్నాడు." అంటూ కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. ఎవరూ ఏడిపించకుండా.

శోభనాద్రి గారు మైకు కింద పెట్టేశాడు. ఆయన జీవితంలో అంత చిన్న ఉపన్యాసం లేదు. వంటవాళ్లు కంగారుపడిపోయారట, పులిహోర ఇంకా కలపలేదని.

భోజనాల దగ్గర పూర్ణిమ పక్కన చేరింది. "తాతయ్యా, ఒక మాట అడగనా? మేక నిజమేనా?"

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. తర్వాత ఆ చిర్రు దిగిపోయింది. ఈ పిల్ల ఇక జన్మలో ఎవరి మాటా ఊరికే వినదు, పెళ్లిచూపుల్లో కూడా.

"నిజమే. కానీ నీ పేపర్లో నిజం అని రాయకు. నమ్మారని రాయి. ఎందుకు నమ్మారో రాయి."

"మేడం కూడా అదే అంటారు," అంటూ అరిసె కొరికింది.

ఈలోగా మల్లేశ్వరరావు కొడుకు బాబీ, ప్లేటు పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కుర్రాడి మొహం కందగడ్డలా ఉంది.

"తాతగారూ, మరి మా నాన్న?"

"మీ నాన్నకి అప్పుడు రెండేళ్లు రా అబ్బాయ్."

"అది నాకు ఆ రోజే తెలుసండీ. అయినా ఏడ్చాను. ఎందుకు ఏడ్చాను మరి?"

శోభనాద్రి గారు పూర్ణిమ వైపు చూశాడు. పూర్ణిమ నమలడం ఆపేసింది. ఈ ప్రశ్న వాళ్ల మేడం కూడా ఇవ్వలేదు కాబోలు.

"వచ్చే నెల నాన్న సంవత్సరీకం," అన్నాడు బాబీ. "మీరు రావాలి. ఉప్పెన వద్దు. మా నాన్నది ఏముంటే అది చెప్పండి."

శోభనాద్రి గారు ఎంత వెతుక్కున్నా మల్లేశ్వరరావు గురించి తనకి ఒక్క ముక్క కూడా తెలీదు. అవనిగడ్డ బస్సులో రెండు మూడు సార్లు చూశాడంతే.

"కూర్చో," అని పక్క కుర్చీ లాగాడు. "మీ నాన్నకి కోపం వస్తే ఏం చేసేవాడు?"

బాబీ అనుమానంగా చూశాడు. కూర్చోలేదు. "ఎందుకండీ? ఇది ఎవరికి అంటిస్తారు?" అన్నాడు.