గ్రిసెల్దా ఆగడం నేర్చుకున్న ఏడాది

నది ఒడ్డునున్న గోయా ఊళ్ళో గ్రిసెల్దా మైదానా మాటల వేగం తెలియనివాళ్ళు లేరు. పొగాకు గోదాములో ఆకు వేరుచేసే రోజుల్లో పక్కమనిషి ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేసేది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ముప్పై ఎనిమిదో ఏట, హైస్కూలు లెక్కల టీచరు కావాలని సాయంత్రపు శిక్షణ కళాశాలలో చేరింది. తోటివాళ్ళంతా ఆమె కూతురి ఈడువాళ్ళే. లెక్కలకేం, చకచకా చేసేది. చివరి ఏడు నిజంగా బడిపిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలైంది.

మొదటి పాఠం భిన్నాల కూడిక. ఆమెకు తర్ఫీదు ఇచ్చే ఓఫెలియా టీచరు వెనక బెంచీలో కూర్చున్నారు. గంట కొట్టాక గ్రిసెల్దా చెమట తుడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"ఎలా ఉంది టీచర్?"

"బాగుందమ్మా. నువ్వే అడిగావు, నువ్వే చెప్పుకున్నావు. పిల్లలేమో ఎవరి పెళ్ళికో వచ్చినట్టు కూర్చున్నారు."

"వాళ్ళు నోరు విప్పట్లేదు కదా!"

"విప్పనిస్తేగా? అడిగాక కాస్త ఊపిరి పీల్చుకో."

ఆ సాయంత్రం ఇంట్లో అదే సాధన చేద్దామని పడవ నడిపే మొగుడు ఎవరిస్తోని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సగానికి మూడో వంతు కలిపితే ఎంతని అడిగి, పళ్ళు బిగబట్టి కూర్చుంది. అతను తాపీగా మాతె టీ గొట్టంతో పీలుస్తూ ఆలోచించాడు.

"అయిదింట్లో రెండు."

"తప్పు! అసలు..." అనబోయి నాలుక కరుచుకుంది. "ఎలా వచ్చింది?"

"మొన్న రెండు పెనాల్టీల్లో ఒకటి గోలు కొట్టా. నిన్న మూడింట్లో ఒకటి. మొత్తం అయిదింట్లో రెండు. ఏం, కాదా?"

గ్రిసెల్దా పెన్సిలు అందుకుని అతని లెక్క కాగితం మీద వేసి చూడసాగింది. మూలన బట్టలు మడతపెడుతున్న అత్తగారు రుఫీనా తలెత్తి చూసింది.

"ఒరే, దీని నోరు మూయించావురా! ఇరవై రెండేళ్ళుగా నావల్ల కాలేదు."

అతను గోల్స్ సంగతి సరిగ్గానే చెప్పాడని, తను అడిగింది మాత్రం ఒకే రొట్టెలో సగమూ మూడో వంతూ కలపడం లాంటిదని తేల్చుకునేసరికి గ్రిసెల్దాకు చాలాసేపు పట్టింది. తప్పు జవాబు వెనక కూడా ఒక ఆలోచన ఉంటుందని అంతకుముందు ఆమెకు తట్టనేలేదు.

మరుసటి వారం క్లాసులో హస్మీన్ అనే అమ్మాయి బోర్డు మీద అదే జవాబు రాసింది. గ్రిసెల్దా చెయ్యి డస్టర్ మీదికి వెళ్ళబోయింది. ఆ చేతిని వెనక్కి పెట్టుకుంది.

"సరే తల్లీ. ఒక రొట్టెలో సగం తిన్నావు. ఆపైన మూడో వంతు కూడా తిన్నావు. మొత్తం రెండు అయిదో వంతులే అంటున్నావు. అది సగం కంటే ఎక్కువా, తక్కువా?"

ఎవరూ పలకలేదు. ఆమె కూడా పలకలేదు. మనసులో పది లెక్కపెడుతూ ఆగింది.

"తక్కువే!" అని అరిచాడు కిటికీ దగ్గరి పిల్లాడు. "ఇంకా తిన్నాక తక్కువెలా అయిందే? కక్కేశావా?"

క్లాసంతా గొల్లుమంది. హస్మీన్ కూడా నవ్వుతూ తన జవాబు తనే చెరిపేసి, రొట్టె బొమ్మ గీసి ఆరు ముక్కలు చేసింది. అయిదు ముక్కలకు రంగు వేసింది.

"ఇవాళ నాకు నిద్ర రాలేదమ్మాయ్," గంట కొట్టాక వెనక బెంచీ నుంచి లేస్తూ అన్నారు ఓఫెలియా టీచరు.

అన్ని రోజులూ అలాగే సాగలేదు. త్రిభుజాల పాఠంలో మరీ ఎక్కువసేపు ఆగడంతో క్లాసు చేపల బజారై, పక్క గది టీచరు వచ్చి తలుపు కొట్టాడు. ఆ పాఠం ఆమె మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

డిసెంబరులో ఆఖరి పరీక్ష గట్టెక్కి బయటికి వచ్చేసరికి, చదువు ముగించినవాళ్ళ మీద గుడ్లూ పిండీ విసిరే ఊరి అలవాటు ప్రకారం ఇంట్లోవాళ్ళూ తోటివాళ్ళూ అవి పట్టుకుని గుమ్మం ముందు కాచుకుని ఉన్నారు.

"టీచరమ్మా, ఇటు తిరుగు!" అంటూ మొదటి గుడ్డు రుఫీనాయే విసిరింది. సూటిగా నుదుటికి తగిలింది. పచ్చసొన కారుతున్న మొహంతోనే గ్రిసెల్దా అత్తగారిని వాటేసుకుంది.

మార్చిలో నది అవతలి దీవి బడిలో ఉద్యోగం వచ్చింది. ఎవరిస్తో పడవలోనే వెళ్తుంది. పిల్లలు రేవులోనే నిలబడి ఉంటారు. ఆమె ఒడ్డున కాలు పెట్టకముందే, ఇంటికిచ్చిన లెక్కలో ఎవరి జవాబు సరైనదని వాళ్ళలో వాళ్ళకి గొడవ మొదలవుతుంది.