గడియారాలు ఆపి విన్న పద్యం

వాచీల మామయ్య పోయారన్న కబురు నాకు రేపల్లె ప్యాసింజర్లో తెలిసింది. బండి వేమూరు దాటింది. సెల్‌ఫోన్లో అత్తయ్య గారు, "టీచరమ్మా, మామయ్య పొద్దున నమాజుకి లేవలేదమ్మా" అన్నారు. భట్టిప్రోలులో దిగిపోయి తెనాలి బస్సెక్కాను. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పాలన్న సంగతి మధ్యాహ్నానికి గానీ గుర్తుకు రాలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. తెనాలిలో మా వీధి చివర వాచీలు బాగుచేసే కొట్టు ఆయనది. వీధిలో అందరికీ మామయ్యే. మా నాన్న చర్చికి పెట్టుకెళ్ళే వాచీ ఆగిపోతే తీసుకెళ్ళాను, అదీ పరిచయం. కంటికి భూతద్దం బిగించుకుని ఆయన వంగి చూస్తున్నది వాచీ కాదు, నల్లటి గ్రామఫోను ప్లేటు.

"ఏంటండీ అది?" అన్నాను.

"బూజు" అన్నారు తలెత్తకుండానే. "పాటకి బూజు పట్టింది. మీ నాన్నగారి టైము కాసేపు ఆగుద్ది గానీ ఇది ఆగదమ్మా."

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. వాచీ కోసమని ఇంట్లో చెప్పాను గానీ, పాటకి బూజెలా పడుతుందో చూడాలని వెళ్ళాను. లెక్కల టీచర్ని, తెలియనిది కనపడితే ఊరుకోలేను. బాపట్ల పాతసామాన్ల కొట్లలోనూ, మైకుసెట్ల వాళ్ళ అటకల మీదా దొరికిన ప్లేట్లు ఆయన అలమారా నిండా ఉండేవి. ఎక్కువగా నాటకాల పద్యాలు. ఆడవాళ్ళు పాడినవంటే ఆయనకి మరీ ఇష్టం. వాటిని కుంకుడు నురగతో, చంటిపిల్లకి తలంటినంత నిదానంగా, గీతల వెంట తుడిచేవారు. నీడలో ఆరబెట్టి, కీ గ్రామఫోను మీద తిప్పుతూ పక్కనున్న టేపురికార్డరులోకి ఎక్కించేవారు.

ఎక్కించే ముందు ఒక తతంగం ఉండేది. కొట్లో గోడకి వేలాడే గడియారాలన్నిటినీ ఒక్కొక్కటిగా చేత్తో పట్టి ఆపేవారు. ఫ్యాను కట్టేసేవారు. లోపల కుక్కరు పొయ్యి మీదుంటే అత్తయ్య గారు దించేయాల్సిందే. చివరికి తన చేతి వాచీ కూడా విప్పి, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేవారు. మూడు నిమిషాల పద్యం అయ్యాక మళ్ళీ అన్నిటికీ ముళ్ళు సరిచేసి నడిపించేవారు. ఆ మధ్యలో ఎవరైనా వచ్చి టైమెంతండీ అంటే, "కాసేపాగి చెప్తానండి, ఇప్పుడు మా కొట్లో టైము లేదు" అనేవారు.

నా పని పుస్తకం రాయడం. ఏ ప్లేటు ఎక్కడ దొరికింది, ఎవరు పాడారు, ఎక్కడ గీత పడింది, ఎక్కడ మాట వినపడలేదు. నాకు రాగాల పేర్లు కూడా రావని మొదటిరోజే ఒప్పేసుకున్నాను.

"అందుకే నిన్ను పెట్టుకున్నా" అన్నారు. "పాట తెలిసినోళ్ళు వాళ్ళు వినాలనుకున్నది రాసుకుంటారు టీచరమ్మా. నువ్వు వినపడింది రాస్తావు."

పొగిడారో దెప్పారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బాపట్లలో దొరికిన ఒక ప్లేటు మీది కాగితాన్ని చెదలు తినేశాయి. ఎవరు పాడారో తెలియదు. గ్రామఫోను ముల్లు పెడితే ఆడగొంతు వచ్చింది. సన్నగా మొదలై, హార్మోణీని తోసుకుంటూ పైకి వెళ్ళిపోయే గొంతు. నాలాంటిదానికే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆఖరి పాదం దగ్గర పెయింటు చుక్క ఒకటి ఎండి గట్టిపడి ఉంది. ముల్లు అక్కడ ఆగిపోయింది. అయినా మామయ్య ముఖం వెలిగిపోయింది.

"పేరు ఎక్కడికీ పోలేదమ్మాయ్! ఈ రకం ప్లేట్లలో పాడినోళ్ళు ఆఖర్న తమ పేరు తామే చెప్పుకుంటారు. ఆ మరక వెనకాలే ఉంది ఆవిడ."

కుంకుడు నురగకి మరక వదల్లేదు. ఆత్రంలో ఆయన ఆలోచించలేదు. నలభై ఏళ్ళుగా వాచీ మీద మొండి మరక కనపడితే ఆ చెయ్యి ఎటు వెళ్తుందో అటే వెళ్ళింది, స్పిరిట్ సీసా వైపు. రంగు కరిగి పాకితే ఆ కొసంతా దూదితో గుండ్రంగా తుడిచారు. మరక పోయింది. దాంతోపాటు గీతలూ పోయాయి. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్లో కరిగిపోతుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. ఎవరు ప్లేటు తెచ్చినా ముందు ఆ జాగ్రత్తే చెప్పేవారు. ఇప్పుడు చివరి గీతలున్న చోటు నున్నగా మెరుస్తోంది. ముల్లు పెడితే బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆఖరి పాదం నాటకం పుస్తకంలో ఉంటుంది కదండీ" అన్నాను, ఓదార్పుగా ఉంటుందని.

"మాటలుంటాయి. ఆవిడ దాన్ని ఎట్టా దించిందో ఉంటుందా? పేరుంటుందా? ఇన్నేళ్ళు చెదలకి దొరక్కుండా దాక్కున్న పేరమ్మా. నా చేత్తో చెరిపేశాను."

నెల రోజులు అలమారా తెరవలేదు. తర్వాత ఒక శుక్రవారం కొట్టు మూసి, టేపురికార్డరు సంచిలో వేసుకుని బయల్దేరారు. అలా రెండేళ్ళు తిరిగారు. సెలవులైతే నేనూ వెళ్ళేదాన్ని. ఎవరి గొంతో తెలుసుకోవాలన్న పురుగు నన్నూ తొలిచేసింది. కొలకలూరులో హార్మోణీ వాయించే ఒకాయన ఒక పేరు చెప్పారు. రేపల్లెలో ఇంకో పెద్దాయన ఒట్టేసి మరో పేరు చెప్పారు. అన్నీ పుస్తకంలో రాశాను. "ప్రశ్నగుర్తు పెట్టు. పెద్దోళ్ళు చెప్పారని తీసెయ్యొద్దు" అనేవారు మామయ్య. నేను క్లాసులో పిల్లలకి ఆ మాటే చెప్తున్నాను, ఆయన పేరు చెప్పకుండా.

చివరికి భట్టిప్రోలులో ఒక మందుల కొట్టాయన, తన వీధిలో ఒక ముసలావిడ అక్క నాటకాలాడేదని చెప్పి ఇల్లు చూపించారు. తొంభైకి దగ్గరగా ఉన్న మనిషి, మంచం మీద కూర్చుని తమలపాకు నలగ్గొట్టుకుంటోంది. టేపు పెట్టాం. రెండో పాదానికి రోలు పక్కన పెట్టేసింది.

"అక్క" అంది. "ముందు పన్ను ఊడిన ఏడాది పాడింది. ఆ గాలి పోవడం చూడు."

ఆఖర్న బుస్సుమనగానే ఆవిడ మొహం చిట్లించింది. "ఏంటి నాయనా, మా అక్క నోరు మూసేశారు?"

తప్పు చెదల మీద పెట్టేయొచ్చు. నేనైతే పెట్టేసేదాన్నేమో. మామయ్య లేచి నిలబడ్డారు. "నేనేనమ్మా. శుభ్రం చెయ్యబోయి పాడుచేశాను. ఒక పాదం పోయింది, ఆవిడ పేరు పోయింది. అందుకే వచ్చాను."

ఆవిడ మంచం మీద పక్కకి జరిగింది. "కూచో" అంది. "మైకు దగ్గరగా పెట్టు. నా గొంతు దూరం పోదు."

మామయ్య ఎడమచేత్తో మైకు పట్టుకుని ఆవిడ నోటి దగ్గర పెట్టారు. ఆ పాదాన్ని ఆవిడ పైకి ఎత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు. కిందికి, నిద్రపోతున్నవాళ్ళ పక్క నుంచి నడిచినట్టు మెల్లగా దించింది. ఆపి, ఊపిరి తీసుకుని, అక్క చెప్పినట్టే అక్క పేరు చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మామయ్య కళ్ళు తుడుచుకుంటూ, "ప్రశ్నగుర్తు కొట్టెయ్" అన్నారు.

ఆ పేరు ఇక్కడ రాయను. పాడాక చివర చెప్పాల్సిన పేరు అది. కావాలంటే వచ్చి వినండి.

రెండూ కలిపి సీడీ చేయించారు. కంప్యూటర్ కొట్టతను ఆ బుస్సు తీసేస్తానంటే మామయ్య ఒప్పుకోలేదు. "ఉంచండి. అది నేను చేసింది" అన్నారు. సీడీ మొదటిసారి విన్నప్పుడే నాకు ఇంకో సంగతి తెలిసింది. భట్టిప్రోలులో ఆ రోజు హడావిడిలో ఆయన చేతి వాచీ విప్పడం మర్చిపోయారు. మైకు పట్టుకున్న చేతికే ఉంది. ముసలావిడ గొంతు కింద సన్నగా టిక్ టిక్ మంటోంది. అప్పటికి ఆయన చెవులకి అంత సన్న చప్పుడు ఆనడం లేదు. వినపడింది వినపడ్డట్టు రాసేదాన్ని, ఆ ఒక్కటి మాత్రం పుస్తకంలో రాయలేదు. గీతలు కరిగిపోయిన రోజు ఆయన ముఖం నేను చూశాను. మళ్ళీ చూడలేననిపించింది.

మూడోరోజు ప్రార్థనలయ్యాక అత్తయ్య గారు కొట్టు తలుపు తీసి, "ఆ భట్టిప్రోలు పద్యం పెట్టమ్మా" అన్నారు. ఆయన చేసినట్టే చేశాను. ఫ్యాను కట్టేశాను. గడియారాలు ఒక్కొక్కటిగా చేత్తో పట్టి ఆపాను. అక్క పాడింది. బుస్సుమంది. చెల్లెలు ఆఖరి పాదం అందుకుంది.

అత్తయ్య గారు తలెత్తి గోడల వైపు చూశారు. "ఏదో ఆపడం మర్చిపోయావమ్మా" అన్నారు.

"లేదండి, అన్నీ ఆపాను" అన్నాను.

ఆవిడ అలాగే వింటూ ఉండిపోయారు. ముసలావిడ పాడుతోంది. ఆ పాట కింద మామయ్య వాచీ నడుస్తోంది.