తాళం వేసిన ఇంట్లో ఓటరు

మా బమ్రోలి బూత్ సారు పోయిన నెల పోయారు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకున్నారట. ఆసుపత్రి దాకా కూడా ఆగలేదు. మా చిన్నకోడలు మెట్ల మీద నుంచే వార్త అరిచింది. కాస్త నెమ్మదిగా చెప్పకూడదా అని కసిరాను. నెమ్మదిగా చెబితే మాత్రం మనిషి తిరిగొస్తాడా?

ఆయన, ఇక్కడికి వలస వచ్చిన మా తెలుగువాళ్ల పిల్లలు చదివే మున్సిపల్ బడిలో లెక్కల మాస్టరు. అదే బడిలో నేను తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే పనిని ఆయనకు అదనంగా తగిలించారు. అలా తగిలించిన పనిని మాస్టర్లు ఎలా చేస్తారో నాకు తెలుసు. నేను జనాభా లెక్కలు ఎలా రాశానో మాత్రం దయచేసి అడక్కండి.

ఆయన రాసినదంతా ఇంటివాళ్లకు చదివి వినిపించాకే సంతకం అడిగేవారు. ఎవరి పేరైనా తీసేయాల్సి వస్తే కారణం తన చేత్తో రాసిచ్చేవారు. తన మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలో కూడా చెప్పేవారు.

"గట్ల నేర్పితే రేపు మీ మీదనే పడతరు సారూ" అన్నాను ఒకసారి.

"పడనీయుండ్రి టీచరమ్మా. వాళ్లు జీతమిచ్చి పెట్టుకున్నోళ్లమే గద మనం" అన్నారు.

కిందటి ఎన్నికల ముందు మా అరుగు మీద కూర్చున్న సారు దగ్గరికి ఒక పార్టీ మనిషి కాగితం పట్టుకొచ్చాడు. వెనక గల్లీలో తాళాలు పడ్డ ఇళ్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. "అందరు ఊళ్లకు పోయిండ్రు సారూ, కొట్టేయుండ్రి" అన్నాడు. మర్నాటికల్లా పని ముగించాలని పై అధికారి తొందర. అడక్కపోయినా నేనూ ఒక మాట వేశాను: "నిజమే, వారం నుంచి తాళాలే చూస్తున్న."

"ఏ టైముకు చూసిండ్రు?"

"మధ్యాహ్నం. కూరగాయలకు పోతూ."

"అయితే రండి. సాక్ష్యం చెప్పిండ్రు గద" అని ఆ ఎండలో నన్ను లాక్కుపోయారు.

మొదటి ఇంటికి పెద్ద తాళం. ఆయన కిటికీ దగ్గర నోరు పెట్టి పిలిచారు. "నర్సయ్యా, ఉన్నవా?"

"ఎవలయ్యా అది? ఇప్పుడే గద కన్ను మూసింది!"

"నువ్వు లేవంటున్నరు. ఉన్నవో లేవో చెప్పి పండుకో."

"ఉన్న సారూ! రాత్రంత లూమ్ నడిపినోన్ని, ఏడికి పోత?" మళ్లీ తనే, "నా పెండ్లాం గూడ ఉన్నదని రాయుండ్రి. లేకుంటే నన్నే అంటది" అన్నాడు.

మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవాలి. పిల్లలూ అమ్మేవాళ్లూ తలుపు కొట్టి లేపకుండా, పెళ్లాం పనికి పోతూ బయట తాళం వేసి తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోతుంది. ఆ గల్లీకి ఇంత దగ్గర్లో ఇన్నేళ్లు బతికి, చదువు చెప్పి, నాకీ సంగతి తెలియదు. నా ఒక్క మాటతో ఎంతమంది ఓట్లు ఊడేవో!

గడువు దాటినా సారు ఇల్లిల్లూ తిరిగారు. అధికారి ఫోనులో అరిచాడు, సంజాయిషీ అడుగుతూ నోటీసు పంపాడు. ఆయన భార్య భయపడింది. "నోరున్నోడు ఆఫీసుకు తనే వస్తడు. రాలేనోడి కోసమే మనల్ని ఇంటికి పంపేది" అని ఆవిడకు చెప్పి, ఆ ముక్కే జవాబులో రాసి పంపారు.

ఆ గల్లీలో నిజంగా ఖాళీ చేసి వెళ్లినవి మూడిళ్లే. వాటితోపాటు మరో పేరు కూడా కొట్టేశారు. అది మా పెద్దబ్బాయిది. వాడు బార్డోలీ చక్కెర మిల్లులో పనిచేస్తూ అక్కడే కాపురం పెట్టాడు, అక్కడ ఓటు కూడా రాయించుకున్నాడు.

"మనోడే గద సారూ, ఉండనీయుండ్రి."

"మనోడు కాబట్టే టీచరమ్మా. మనోడిది ఉంచి వేరేటోళ్లది ఎట్ల తీస్త?"

నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అదేమీ పట్టనట్టు రోజూ నమస్తే పెట్టి పోయేవారు. నా కోపానికి అంతకంటే అవమానం లేదు.

పోయిన వారం, ఆయన దగ్గర ఈ పని నేర్చుకున్న టీచరమ్మాయి ఆయన పేరు జాబితాలోంచి తీసేందుకు కాగితం తెచ్చింది. అప్పుడు నేను సారు వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ పిల్ల మెల్లగా మరణ ధ్రువపత్రం అడిగింది.

"శవం ముంగట కూసోని ఏడ్చినవు గదే! నీకు మళ్ల కాగితం గావాల్నా?" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుంది. అడిగింది మాత్రం వెనక్కి తీసుకోలేదు. సారు భార్య లేచి బీరువా తెరిచింది.

"అడగనీ అక్కా. అడగకుంట రాస్తే ఆయన ఊకుంటుండెనా?"

టీచరమ్మాయి పత్రం చూసి, కారణం రాసి, పైకి చదివి వినిపించింది. సారు భార్య సంతకం చేసింది. ఫ్యాను గాలికి కాగితం ఎగరబోతే, సిరా ఆరేదాకా దాని మూల మీద ఒక వేలు ఆనించి కూర్చుంది.